మోటార్‌హోమ్ కొనేముందు పడకల కన్నా బరువు చూడండి

మీరు రెండు విషయాలు అడిగారు: నలుగురున్న కుటుంబానికి ఎలాంటి మోటార్‌హోమ్ (పడకలు, వంటగట్టు ఉన్న ఇల్లులాంటి బండి) తీసుకోవాలి, ఇంతవరకు కారు తప్ప మరేదీ నడపనివారు దాన్ని భద్రంగా నడపగలరా అని. కొంతకాలం అద్దె బండ్లలో తిరిగి, తరువాత సొంతంగా ఒకటి కొనుక్కుని నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను. ఈ రెండింటికీ జవాబు బరువు దగ్గరే మొదలవుతుంది.

బండి చూడటానికి వెళ్లినవారి కళ్లు ముందుగా పడకల మీద, వంటగట్టు మీద పడతాయి. మీరు మాత్రం ముందు బండికి బిగించిన రేకు మీది అంకెలు చదవండి. సామానంతా నింపాక బండి ఎంత బరువు దాటకూడదో, ఒక్కో ఇరుసు మీద ఎంత భారం పడవచ్చో అందులో ఉంటుంది. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుకు చాలాకాలంగా 3,500 కిలోలు హద్దుగా ఉండటంతో అక్కడి బండ్లు ఎక్కువగా ఆ హద్దుకు లోబడే తయారవుతాయి. అలాంటి బండి ఖాళీ బరువు 3,000 కిలోలు అనుకుందాం. మిగిలిన 500 కిలోల్లో నలుగురు మనుషులకు సుమారు 280, వంద లీటర్ల నీళ్లకు మరో 100 పోతే, గ్యాస్ సిలిండర్లు, పరుపులు, పాత్రలు, మడత కుర్చీలు, సైకిళ్లు అన్నీ 120 కిలోల్లోనే సర్దుకోవాలి. ఖాళీ బరువులో డ్రైవరునూ ఇంధనాన్నీ కలిపి లెక్కించారో లేదో అడగండి. తరువాత బిగించిన పందిరి, సోలార్ పలకలు ఆ లెక్కలో ఉన్నాయో లేదో కూడా అడగండి. ఆరు పడకలున్న బండి ఆరుగురిని మోయగలదన్న నమ్మకం నాకు లేదు. ప్రయాణానికి సిద్ధం చేసిన బండిని ఒకసారి వేబ్రిడ్జి (బండ్లను తూచే కాటా) మీద, వీలైతే ఒక్కో ఇరుసు విడివిడిగా తూయించండి. వెనక చక్రాలకు అవతల తగిలించిన స్కూటరు, మీట సూత్రం వల్ల, వెనక ఇరుసు మీద తన బరువు కన్నా ఎక్కువ భారం మోపి ముందు చక్రాలను తేలిక చేస్తుంది; అప్పుడు స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

లోపలి అమరిక మీ ఇష్టం. అయితే పడకలు ఎన్ని ఉన్నా, సీటుబెల్టు ఉన్న సీట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. బండి కదులుతున్నంతసేపు ఎవరూ పడుకోకూడదు, లేచి తిరగకూడదు.

పాత బండైతే చెమ్మే అసలు శత్రువు. కిటికీల అంచులు, పైకప్పు మూలలు, స్నానాల గది గోడలు వేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, లోపల ముక్కిన వాసన వచ్చినా వదిలేయడం మంచిది. ఎక్కువ రోజులు నిలిచి ఉండే బండ్లకు టైర్లు అరగకముందే ముసలివవుతాయి. టైరు పక్కగోడ మీద DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం.

ఇక నడపడం. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది, పైగా కారుతో పోలిస్తే ఇక్కడ బరువు చాలా ఎక్కువ. కనుక ముందు బండికి మీరు కారులో ఉంచే ఎడం సరిపోదు. పొడవైన ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాలు ఆనించే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి మారి ఇంజిన్ పట్టుతో దిగుతూ, బ్రేకు అవసరమైనప్పుడే గట్టిగా వేసి వదలండి.

ఎడమకు తిరిగితే తోక కుడికి ఊగుతుంది. వెనక చక్రాల అవతల భాగం ఎంత పొడవైతే ఊపు అంత ఎక్కువ. గోడ పక్క నుంచి కదిలేటప్పుడు కొంత దూరం తిన్నగా వెళ్లాకే స్టీరింగ్ తిప్పాలి. బండి ఎత్తును పైకప్పు మీది ఏసీతో సహా కొలిచి డ్రైవరు కంటికి ఎదురుగా రాసి అంటించండి, ఎందుకంటే కార్లకు దారి చూపే మ్యాప్‌కు తక్కువ ఎత్తు వంతెన ఒక అడ్డంకిగా తోచదు. పెద్ద లారీ దాటుతున్నప్పుడు గాలి ముందు తోసి తరువాత లాగుతుంది. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని వేగం తగ్గించండి, స్టీరింగ్‌ను ఒక్కసారిగా ఎదురు దిక్కుకు తిప్పకండి.

బయలుదేరే ముందు సిలిండరు వాల్వు, పైకప్పు కిటికీలు, అరల గడియలు మూసి, మెట్టు లోపలికి మడవాలి. గ్యాస్ వాడే బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి.

వెనక్కి తీసేటప్పుడు, కెమెరా ఉన్నా సరే, ఒక మనిషి దిగి నిలబడాలి. చేతి సైగలు ముందే అనుకోండి. నడిపేవారికీ దిగినవారికీ మధ్య మా నియమం ఒక్కటే: దిగిన మనిషి అద్దంలో కనిపించకపోతే బండి అక్కడికక్కడే ఆగిపోవాలి.