డోపమైన్ రిసెప్టర్లు ఏ కణంలో ఉన్నాయో ఎలా కనిపెడతారు?

డోపమైన్ మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం; దాన్ని అందుకునే ప్రోటీనే రిసెప్టర్. ఆ రిసెప్టర్‌కు అతుక్కునే మందుకు రేడియోధార్మిక గుర్తు తగిలించి, దాంతో తడిపిన మెదడు ముక్కను ఫిల్ముకు ఆనిస్తే రిసెప్టర్లు దట్టంగా ఉన్న స్ట్రయేటమ్ అనే లోపలి భాగం నల్లగా పడుతుంది. అయితే ఇది వీధి చూపిస్తుంది గానీ ఇల్లు చూపించదు. ఇల్లు, అంటే ఫలానా కణం, కావాలంటే ఎంఆర్‌ఎన్‌ఏ (రిసెప్టర్ తయారీకి కణం వాడే జన్యు నకలు) వెతకాలి. 1990లో న్యూరోసైంటిస్ట్ చార్లెస్ గెర్ఫెన్ బృందం ఎలుకల్లో అలాగే చూసింది: స్ట్రయేటమ్ నుంచి సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మెదడు భాగానికి ఆక్సాన్ (సంకేతాలు మోసే పొడవాటి తీగ) పంపే కణాల్లో ఎక్కువగా డీ1 రకం రిసెప్టర్ ఎంఆర్‌ఎన్‌ఏ, గ్లోబస్ పాలిడస్ అనే మరో భాగానికి పంపేవాటిలో డీ2 రకానిది.

ఇక్కడే అసలు తిరకాసు. ఎంఆర్‌ఎన్‌ఏ కనిపించేది ప్రధానంగా కణదేహంలో. తయారైన రిసెప్టర్ మాత్రం ఎక్కడో డెండ్రైట్ (సంకేతాలు అందుకునే కొమ్మ) ముళ్ల మీదో, ఆక్సాన్ చివరో ఉండొచ్చు. అది తేలాలంటే రిసెప్టర్‌నే పట్టుకునే యాంటీబాడీలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తప్పవు. అన్నట్టు, డోపమైన్ విడుదల చేసే కణం మీదా డీ2 ఉంటుంది, తన విడుదలకు తానే బ్రేకు వేసుకోవడానికి.