మంత్రి కావాలనుకుంటున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది బాగేపల్లి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి బి.ఎ. ఆఖరి సంవత్సరం. కాలేజీలో కర్ణాటక మాజీ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ మీద సెమినార్ పేపర్ రాసింది. అప్పటినుంచి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది. బ్యాంకు కోచింగ్‌కి ఫీజు కడతానంటే వద్దంటోంది. మా ఇంటా వంటా రాజకీయం లేదు. ఇదసలు కెరీరేనా? ఏం చదివించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి సరైన మనిషినే ఎంచుకుంది. మాది చింతామణి వైపు పల్లె. నా చిన్నతనంలో మా వీధి మలుపులో బోరింగు వేశారు. దాని పిడి పట్టుకుని వేలాడితే తప్ప మాలాంటి పిల్లలకు కిందికి వచ్చేది కాదు. నాలుగైదు సార్లు కొట్టాక లోపల గరగరమని, ఆ తర్వాత బిందెలో ధార పడేది. అంతకుముందు మా అమ్మ ఊరవతల బావికి పోయి తెచ్చేది. ఇలా ఊళ్లకు బోర్లు వేయించి నీళ్లిచ్చిన మంత్రి కాబట్టి కర్ణాటకలో జనం నజీర్ సాబ్‌ని ‘నీర్ సాబ్’ అని పిలుచుకున్నారు. మన తెలుగువాళ్లకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

ఆయన పనిలో అమ్మాయి బాగా గమనించాల్సిన భాగం బోర్ల కంటే పంచాయతీల చట్టం. 1983లో రామకృష్ణ హెగ్డే ప్రభుత్వంలో ఆయన గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ మంత్రి అయ్యారు. అదే ఏడాది జిల్లా పరిషత్తులు, మండల పంచాయతీల చట్టం తెచ్చారు. అది అమల్లోకి వచ్చింది 1985లో, ఎన్నికలు జరిగింది 1987 జనవరిలో. అంటే ఒక్క చట్టం కాగితం నుంచి ఊళ్లోకి రావడానికి ఇంచుమించు నాలుగేళ్లు. ఆ చట్టంలో పాతిక శాతం సీట్లు ఆడవాళ్లకు కేటాయించారు. దేశమంతటికీ వర్తించే 73వ రాజ్యాంగ సవరణ 1993లో గానీ అమలు కాలేదు. జిల్లా పరిషత్ అధ్యక్షుడికి సహాయ మంత్రి హోదా ఇచ్చి, సీనియర్ ఐ.ఎ.ఎస్. అధికారిని ఆయన కింద పనిచేసేలా పెట్టారు. తన చేతిలోని అధికారాన్ని కిందికి పంచిపెట్టిన మంత్రులు ఎంతమంది ఉంటారు చెప్పండి! 1988లో ఆయన చనిపోయారు. చూస్తే మంత్రి పదవి ఐదారేళ్ల ముచ్చటే. అయినా మైసూరులో పంచాయతీ సభ్యులకూ అధికారులకూ శిక్షణ ఇచ్చే రాష్ట్ర సంస్థకు ఇవాళ్టికీ ఆయన పేరే ఉంది.

ఇక మీ ప్రశ్న. మంత్రి పదవిని కెరీర్‌గా పెట్టుకోవద్దని అమ్మాయికి నేరుగా చెప్పండి. కర్ణాటక శాసనసభలో 224 సీట్లు. 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రులు అందులో 15 శాతం దాటకూడదు. ముఖ్యమంత్రితో కలిపి 34 మంది. ఏడు కోట్లకు దగ్గరగా జనం ఉండొచ్చనుకునే రాష్ట్రంలో ఇది. పైగా ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి. మీ అమ్మాయికి ఇంకా టైముంది. ఆ టైమును ఎలా వాడుకుంటుందన్నదే నాకు ముఖ్యం.

నజీర్ సాబ్‌ను జనం గుర్తు పెట్టుకున్నది నీళ్లు, పంచాయతీలు అనే రెండు విషయాలను గట్టిగా పట్టుకున్నందుకు. మీ అమ్మాయి కూడా ఒక విషయం పట్టుకోవాలి. కె.ఆర్. పురంలో ఉంటూ చెరువులు, మురుగునీరు, ట్యాంకర్ నీళ్ల సంగతి చూడని వాళ్లుండరు. అందులో ఒకటి తీసుకుని, ఏ శాఖ ఏం చేస్తుంది, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, సంతకం ఎవరిది అన్నది ఏడాదిపాటు తవ్వమనండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు. ఒక్కటి రాసి జవాబు తెప్పించుకుంటే కాలేజీలో నేర్పనిది తెలుస్తుంది.

చదువు విషయంలో నాకు ఎల్.ఎల్.బి. వైపే మొగ్గు. డిగ్రీ తర్వాత మూడేళ్లు. చట్టం చదవడం వస్తుంది, పార్టీలో పదవి ఉన్నా లేకపోయినా సొంత కాళ్ల మీద నిలబడొచ్చు. పార్టీ పనికి జీతం ఉండదు కాబట్టి ఇది చాలా అవసరం. జీతం కోసం రాజకీయం మీద ఆధారపడ్డవాళ్లు ఎవరో ఒకరి చెప్పుచేతల్లోకి వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను. మీ షాపు లెక్కలు కూడా నేర్పండి, తప్పులేదు. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. మంచిదే, కాకపోతే ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఫీజు మాత్రం చూసుకోవాలి. ఢిల్లీలో పి.ఆర్.ఎస్. సంస్థ ‘ల్యాంప్’ ఫెలోషిప్ ఇస్తుంది. డిగ్రీ అయిన పిల్లలు దాదాపు ఏడాదిపాటు ఒక ఎంపీ దగ్గర పనిచేస్తారు, స్టైపెండ్ వస్తుంది. ఎల్.ఎల్.బి.కి ముందు ఇదొకటి ప్రయత్నిస్తే బాగుంటుంది.

బ్యాంకు కోచింగ్ ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. ఇష్టం లేకుండా కట్టిన కోచింగ్ ఫీజు వృథా అవడం ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఒక మాట కొంచెం గట్టిగా చెబుతాను. మన తెలుగు పిల్లలు బెంగళూరులో పుట్టి పెరిగి కన్నడం గడగడా మాట్లాడతారు, రాయమంటే మాత్రం తడబడతారు. ప్రభుత్వ ఉత్తర్వులు, సభ నోటీసులు, దరఖాస్తులు చాలావరకు కన్నడంలోనే. రోజూ ఒక కన్నడ దినపత్రిక పైనుంచి కిందిదాకా చదవమనండి. ఆరు నెలల్లో ఆ బెరుకు పోతుంది.

నగరంలో వార్డు స్థాయి అనుభవం దొరకడం కష్టమైంది. పాత బెంగళూరు నగర పాలక సంస్థ బి.బి.ఎం.పి.లో 198 వార్డులకు ఎన్నికలు జరిగింది 2015లో, ఆ సభ గడువు 2020లో తీరింది. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు. మీకు బాగేపల్లి దగ్గర సొంత ఊరు ఉండటం కలిసొచ్చే సంగతి. గ్రామసభ ఎప్పుడో కనుక్కుని అమ్మాయిని తీసుకెళ్లండి. పంచాయతీ అభివృద్ధి అధికారి (పి.డి.ఓ.) చదివే లెక్కలు వినమనండి, ఎవరు లేచి అడుగుతున్నారో, ఎవరు మాట్లాడకుండా వెనక కూర్చున్నారో చూడమనండి. వచ్చాక నాకు రెండు పేజీలు రాసి పంపమనండి, తప్పకుండా చదువుతాను.

ఇంకొకటి. పంచాయతీకి పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండి, ఆ ఊరి ఓటరు అయి ఉండాలి. అసెంబ్లీకైతే ఈ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉంటే సరిపోతుంది. అమ్మాయి పేరు ఓటరు లిస్టులో ఎక్కించారో లేదో మీరు రాయలేదు. ఎక్కించకపోతే ఈ వారంలోనే ఫారం 6 పెట్టించండి.