బరువు సరిపోయినా బెల్టు ఎందుకు తెగింది?

ప్రశ్న: 2 టన్నుల గ్రానైట్ దిమ్మెకు 1.5 టన్నుల చొప్పున మోసే రెండు బెల్టులను మీటరు దూరంలో ఉచ్చులా బిగించి, క్రేన్ కొక్కేనికి తగిలించాం. కొక్కెం రాయికి 30 సెంటీమీటర్ల పైనే ఉంది. ఒక బెల్టు తెగింది. కారణం?

జవాబు: మొదటి తప్పు కోణం. నిటారుగా ఉంటే ఒక్కో బెల్టుపై టన్ను బరువే పడేది. మీ బెల్టులు నేలకు సుమారు 31 డిగ్రీల వాలులో ఉన్నాయి. వాలిన బెల్టు రాయిని పైకి లాగడమే కాదు, లోపలికీ లాగుతుంది. టన్నును 31 డిగ్రీల సైన్ విలువ 0.51తో భాగించండి: ఒక్కో బెల్టులో దాదాపు 1.95 టన్నుల బిగువు. పైగా ఉచ్చు వేస్తే బెల్టు సామర్థ్యం 80 శాతానికి, అంటే 1.2 టన్నులకు పడిపోతుంది.

అయినా కొత్త బెల్టు ఇంతకే తెగదు. రాసిన బరువుకు 5 నుంచి 7 రెట్లు తట్టుకునేలా తయారుచేస్తారు. రాతి అంచు కోసి ఉంటుంది. అంచుల దగ్గర మందపాటి రబ్బరు పెట్టి తీరాలి. తెగిన బెల్టుకు ముడివేసి మళ్లీ వాడకండి.

టేపు చాలు, కోణం తెలుస్తుంది. కొక్కెం నుంచి రాయి దాకా బెల్టు పొడవు, రెండు బెల్టుల మధ్య దూరమంత ఉంటే 60 డిగ్రీలు. అప్పుడు బిగువు 1.15 టన్నులే. అది కూడా 1.2కు మరీ దగ్గర, కాబట్టి 2 టన్నుల బెల్టులు తెచ్చుకోండి.

కొక్కెం గరిమనాభికి, అంటే రాయి బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువుకు, సరిగ్గా పైన ఉండాలి. ముందు 10 సెంటీమీటర్లు ఎత్తి ఆపండి. రాయి ఒరిగితే దించి, కొక్కేన్ని ఒరిగిన వైపుకు జరపండి. కుదుపుతో ఎత్తకండి: పైకి లేచే వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరిగితేనే బిగువు 20 శాతం పెరుగుతుంది.