బుజ్జికి, ఫీజు కట్టే ముందు

బుజ్జీ,

పీఎంపీ కోర్సుకి, అదే ప్రాజెక్టులు నడిపేవాళ్ళకిచ్చే ఆ సర్టిఫికెట్ కోర్సుకి, డబ్బు కట్టబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పదమూడేళ్ళ సర్వీసు, ఇద్దరు పిల్లలు, అయినా మళ్ళీ పుస్తకం పడుతున్నావంటే మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. నువ్వు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ పది తీసి, ఆ సర్టిఫికెట్ అడుగుతున్నారో లేదో చూడు. ఫీజు కంపెనీ ఇస్తుందేమో కనుక్కో. పాసైతే అయిపోదు, మూడేళ్ళకోసారి 60 పీడీయూలు, అంటే కొత్తగా నేర్చుకున్నందుకు లెక్కేసే పాయింట్లు, చూపించి రెన్యువల్ చేసుకోవాలి. ఇంకోటి, క్లాసు అయ్యాక రాత్రిపూట బెంగళూరులో సిల్క్ బోర్డు మీదుగా మారతహళ్ళికి స్కూటీ మీద పోవద్దు. ఆన్‌లైన్‌లోనే చేరు. నవ్వకు.

ఇక అసలు సంగతి. 2005లో నా సీటు వెనక గోడకి మూడు సర్టిఫికెట్లు ఉండేవి. ఎవరేం అడిగినా పుస్తకంలోంచే జవాబు చెప్పేదాన్ని. ఓ శుక్రవారం కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. మా టీమ్‌లో కడప కుర్రాడొకడు, చేరి ఏడాది కాలేదు, చేతిలో కాగితంతో వచ్చి "మేడమ్, రోల్‌బ్యాక్ ఒక్కసారి కూడా టెస్ట్ చెయ్యలేదు, భయంగా ఉంది" అన్నాడు. రోల్‌బ్యాక్ అంటే కొత్తది చెడితే మళ్ళీ పాతదానికి వెళ్ళడం. చెక్‌లిస్టులో టిక్ ఉందిగా అన్నాను. తల కూడా ఎత్తలేదు. ఆ కాగితం చదవకుండా పుస్తకంలో పెట్టేశాను. తెల్లారేసరికి సిస్టమ్ పడిపోయింది. మళ్ళీ లేచేసరికి ఆదివారం రాత్రయింది.

అదీ పోనీ. సోమవారం మీటింగులో పెద్దాయన "దీన్ని చూసిందెవరు?" అంటే అందరూ వాడి వైపు చూశారు. నేను నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. "వాడు ముందే చెప్పాడు, నేనే వినలేదు" అనడానికి ఎంతసేపు పడుతుందే? అనలేదు. నెల తిరక్కుండా వాడు రాజీనామా ఇచ్చాడు. ఆ తరవాత నా టీమ్‌లో ఎవర్నడిగినా అంతా బాగానే ఉందనేవాళ్ళు. ఆ ఏడు ప్రమోషన్ ఒక్క సర్టిఫికెట్టూ లేని పక్క టీమ్ అతనికి వచ్చింది. అంతా రాజకీయమని మీ పెదనాన్న దగ్గర ఏడ్చాను. ఆ టీమ్‌లో ఏ గడబిడ జరిగినా ముందు అతనికే చెప్పేవాళ్ళని ఒప్పుకోడానికి నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

మొద్దూ, నీ టీమ్‌లో "అక్కా, ఇది తప్పు" అనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పోయిన సంక్రాంతికి మా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఎవరి మీదో అరిచావు. వంటింట్లోకి వినపడింది. అచ్చం నా గొంతే.

పరీక్ష రాయి, వద్దనను. 2021లో మార్చిన సిలబస్‌లో 42 శాతం మనుషుల గురించే పెట్టారు, వాళ్ళకీ తెలిసొచ్చినట్టుంది. కానీ ముందు మీ మేనేజర్‌ని అడిగి, ఎవరూ ముట్టుకోని చిన్న ప్రాజెక్టొకటి తీసుకుని నలుగురితో నడిపి చూడు. డిగ్రీ ఉన్నా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించమంటారుగా, దానికీ పనికొస్తుంది.

నా పాత పీఎంపీ పుస్తకం అడిగావట. 2004 నాటి మూడో ఎడిషన్ అది, నీకు ఉపయోగం లేదు. ఆ కుర్రాడి కాగితం ఇంకా అందులోనే ఉంది. ఆదివారం వస్తే చూపిస్తాను.

మీ పెద్దమ్మ