గీతల్ని కాదు, పేరెంట్లని చూడు

చిరంజీవి లహరికి మామయ్య ఆశీస్సులు.

కొత్త టీములో గిట్‌కే (కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఆ చరిత్రను గీతల బొమ్మగా చూపే ప్రోగ్రాం) తెరిస్తే గీతల గజిబిజి తప్ప ఏమీ అర్థం కావట్లేదని, మెయిన్ (టీము ముఖ్య బ్రాంచి) అనుకున్న ఎర్ర గీత మధ్యలో నీలంగా మారిపోయిందని రాశావు. టెన్షన్ పడకమ్మా. ఆ రంగులు బ్రాంచిలకు గుర్తులు కావు. పక్కపక్క గీతలు కంటికి విడిగా కనిపించాలని వేసినవి, అంతే.

గిట్‌లో బ్రాంచంటే ఒక కమిట్‌కి, అంటే దాచుకున్న ఒక మార్పుకి, తగిలించిన పేరు. కొత్త కమిట్ చేస్తే ఆ పేరు దాని మీదకు జరుగుతుంది. ఏ కమిట్ ఏ బ్రాంచిలో పుట్టిందో గిట్ ఆ కమిట్‌లో రాసుకోదు. మెర్క్యురియల్ అనే ఇలాంటి మరో సాధనంలో అయితే బ్రాంచి పేరు కమిట్‌లోనే ఉండిపోతుంది. ఈ విషయంలో గిట్ కమిట్ చెప్పేది తన పేరెంట్, అంటే తనకు ముందున్న కమిట్, ఏదో మాత్రమే. నువ్వు చూసే గీతలన్నీ దాన్నిబట్టి గీసినవే.

అందుకే ఏదైనా మెర్జ్ కమిట్ (రెండు దారుల్ని కలిపే కమిట్) మీద క్లిక్ చేసి కింద వివరాలు చూడు. పేరెంట్ అని రెండు వరుసలుంటాయి, ఆ వరసే ముఖ్యం. మొదటిది మెర్జ్ చేసినవాళ్లు అప్పుడు నిలబడి ఉన్న చోటు, రెండోది తెచ్చి కలిపినది. ఇప్పుడు నీ ఎర్ర గీత సంగతి. ఎవరో తమ మెషీన్‌లో మెయిన్ మీదే రెండు కమిట్లు చేసి, పుష్ చేసేముందు (అందరి కోడ్‌లోకి పంపేముందు) పుల్ కొట్టి (అక్కడి కొత్త కమిట్లు తెచ్చి కలుపుకుని) ఉంటారు. అప్పుడు పుట్టిన మెర్జ్‌కి వాళ్ల సొంత కమిట్ మొదటి పేరెంట్ అవుతుంది, టీమంతా నడిచిన అసలు మెయిన్ రెండోదైపోతుంది. పుష్ అయ్యాక అందరి గ్రాఫ్‌లోనూ మెయిన్ పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ మెర్జ్ కమిట్ సందేశంలో 'మెర్జ్ బ్రాంచ్ మెయిన్ ఆఫ్' అని ఉందేమో చూడు. ఉంటే దాదాపు ఇదే జరిగిందనుకో.

గిట్‌కేని ఊరికే తెరిస్తే ఇప్పుడున్న బ్రాంచి చరిత్రే చూపిస్తుంది, మిగతావీ కావాలంటే ఆల్ ఆప్షన్ ఇవ్వాలి. మరీ చిక్కుగా ఉంటే ఫస్ట్ పేరెంట్ ఆప్షన్ పెట్టు, పక్క గీతలన్నీ పోయి మెర్జ్‌లూ, నేరుగా చేసిన కమిట్లూ వరసగా మిగులుతాయి. నాకైతే కొత్త ప్రాజెక్టులో ముందు ఇదే చూడాలనిపిస్తుంది.

గీత లేదు కాబట్టి బ్రాంచి లేదనుకోకు. స్క్వాష్ చేసినా (కమిట్లన్నీ ఒక్కటిగా చేసి కలిపినా), ఫాస్ట్ ఫార్వర్డ్ అయినా (మెర్జ్ కమిట్ లేకుండా బ్రాంచి పేరు మాత్రమే ముందుకు జరిగినా) విడి గీత మిగలదు. రీబేస్ చేసిన (మరో కమిట్ మీదకు మార్చి మళ్లీ చేసిన) కమిట్లో ఆథర్ తేదీ (మొదట రాసినది) పాతదే ఉంటుంది, కమిటర్ తేదీ (ఇప్పుడున్న రూపంలో కమిట్ అయినది) మారుతుంది. తేదీలు ముందువెనకలుగా కనిపిస్తే ముందు ఆ రెండూ పోల్చి చూడు.

ఆ మెర్జ్‌లో రెండో పేరెంట్ ఏమని ఉందో చూసి నాకు రాయి.

మీ మామయ్య