దోపిడీ కేసులో శిక్షపై అప్పీలు: పోలీసు ఒప్పుకోలు, కలిపి విచారించిన అభియోగాలు

మీ తమ్ముడికి మేజిస్ట్రేటు కోర్టు దోపిడీ నేరానికి శిక్ష విధించిందనీ, పోలీసుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలునూ, వేర్వేరు రోజుల్లో జరిగిన రెండు ఘటనలను కలిపి విచారించడాన్నీ అప్పీలులో ప్రశ్నించవచ్చా అనీ అడిగారు. తప్పకుండా ప్రశ్నించవచ్చు. మా మేనమామ కొడుకు అప్పీలును చివరిదాకా దగ్గరుండి చూసుకున్నాను కనుక, అక్కడ ఏ వాదన నిలిచిందో, ఏది నిలవలేదో చెబుతాను.

ముందుగా గడువు చూసుకోండి. సెషన్స్ కోర్టులో అయితే 30 రోజుల్లో, హైకోర్టులో అయితే 60 రోజుల్లో అప్పీలు దాఖలు చేయాలి. దానితోపాటే శిక్ష నిలుపుదలకు, బెయిలుకు దరఖాస్తు చేయించండి. జైల్లో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టంలో అది 23వ సెక్షన్. కానీ చిక్కంతా పాత చట్టంలోని 27వ సెక్షన్ నియమంతోనే వస్తుంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల వస్తువు దొరికితే, ఆ దొరకడానికి నేరుగా సంబంధించిన మాటలు మాత్రమే సాక్ష్యమవుతాయి. అంటే, గొలుసును ఫలానా చోట దాచానన్న మాట చెల్లుతుంది, బెదిరించి లాక్కున్నానన్న మాట చెల్లదు. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసులో బ్రిటిష్ కాలంలో అత్యున్నత అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1946లోనే ఈ గీత గీసింది. మా కేసులో నేరాంగీకార పంచనామా మొత్తాన్నీ రికార్డులోకి తీసుకున్నారు. మా న్యాయవాది అందులోని చెల్లని వాక్యాలను ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలినదానితో దోపిడీ ఎలా రుజువవుతుందో చూపమని అడిగారు. పోలీసులు కొట్టారన్న వాదన, నిజమేనని నేను ఈనాటికీ నమ్ముతున్నా, వైద్య ఆధారం లేక వీగిపోయింది. చివరికి దోపిడీ శిక్ష రద్దయి, దొంగసొత్తు ఉంచుకున్న నేరానికి పడే శిక్ష మాత్రమే మిగిలింది.

అభియోగాల విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 12 నెలల లోపు జరిగిన ఒకే రకం నేరాలను మూడింటి వరకు కలిపి విచారించవచ్చని పాత నేర ప్రక్రియ స్మృతి 219వ సెక్షన్ అనుమతించింది; కొత్త చట్టం ఆ సంఖ్యను ఐదుకు పెంచింది. కలపడం తప్పే అయినా, దానివల్ల న్యాయానికి విఘాతం కలిగిందని మీరు చూపించాలి, విచారణలోనే అభ్యంతరం చెప్పారా అని కూడా అప్పీలు కోర్టు చూస్తుంది. అందుకే తీర్పులో మొదటి ఘటన సాక్షి గుర్తించాడన్న కారణంతోనే రెండో ఘటనను నమ్మిన పేరాలు ఏమైనా ఉంటే, వాటి సంఖ్యలతో సహా అప్పీలు మెమోలో (అప్పీలు కారణాలు రాసి కోర్టుకిచ్చే పత్రంలో) రాయించండి.