పాత బస్సు ఇంజిన్‌కు కారు ఏసీ కంప్రెసర్ బిగించవచ్చా?

బిగించవచ్చు, కానీ పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) సైజు, కాయిల్ (కంప్రెసర్‌ను పుల్లీతో కలిపే క్లచ్‌లోని కరెంటు చుట్ట) వోల్టేజీ బస్సుకు తగ్గట్టు మార్చుకోవాలి.

కంప్రెసర్ ఎంత వేగంగా తిరిగితే అంత చలువ. పెట్రోలు కారు ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్ల దాకా పోతుంది. బస్సు డీజిల్ ఇంజిన్ 2,500 దగ్గరే ఆగుతుంది, ఐడిలింగ్‌లో 600 చుట్లే. అందుకే ఇంజిన్ వైపు పుల్లీ పెద్దదిగా ఉండాలి.

వరంగల్‌లో ఒక పాత బస్సును పడకలు వేసి టూర్ బండిగా మార్చారనుకుందాం. ఇంజిన్ పుల్లీ 200 మి.మీ., కంప్రెసర్ పుల్లీ 125 మి.మీ. ఉంటే వేగం 1.6 రెట్లు. మే ఎండలో హనుమకొండ చౌరస్తాలో బండి ఆగినా కంప్రెసర్ 960 చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఇంజిన్ 2,400లో ఉంటే ఇది 3,840. రెండు పుల్లీలూ ఒకే సైజైతే చౌరస్తాలో వచ్చేది ఉత్త గాలే!

కంప్రెసర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌ను ఇంజిన్ బ్లాక్‌కే బిగించాలి. ఛాసిస్‌కు వెల్డింగ్ చేస్తే, రబ్బరు మౌంట్ల మీద ఇంజిన్ ఊగినప్పుడల్లా బెల్టు పక్కకు లాగి, అంచులు అరిగి నల్లపొడి రాలుతుంది. ఇక కరెంటు: బస్సుది 24 వోల్టులు, కారు క్లచ్ కాయిల్ 12. నేరుగా కలిపితే కాయిల్ కాలిపోతుంది.

‘పెద్ద ఇంజిన్ కదా, బస్సంతా చల్లబడుతుంది’ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చలువ కంప్రెసర్‌ది, ఇంజిన్‌ది కాదు. కారు ఏసీ ఇచ్చేది సుమారు 4–5 కిలోవాట్లు. పెద్ద బస్సుకు 25 దాటాలి. కాబట్టి పార్టిషన్ కట్టి, పడకల గది వరకే ఆశించాలి.